తల ఊపేదాకా

కెమెరా సంచి అడుగున చెయ్యి పెడితే వేళ్లకు బుడ్డల పొట్టు తగిలింది. వేరుశనగ కాయలను మా వైపు బుడ్డలంటాం. కాస్త మాడిన వాసన ఎండకు కాగిన గుడ్డ వాసనతో కలిసి పైకి వచ్చింది. ఆదోని కొండ మీద ఉదయం ఎనిమిదిన్నర దాటింది. ఎదురుగా బండ మీద వచ్చే నెలలో పెళ్లి కాబోయే జంట నిలబడి ఉంది. అబ్బాయి ఫోన్‌లో ఎక్కడో చూసిన వాటం ప్రకారం ఒక కాలు రాయి మీద పెట్టి దూరంగా చూస్తున్నాడు. అంత దూరం చూడడానికి అక్కడ పత్తి మిల్లు రేకులు తప్ప ఏమీ లేవు. అమ్మాయి గడ్డం ఎత్తి నవ్వుతోంది. అరగంట నుంచీ అదే నవ్వు, వెంట్రుక మందం కూడా కదల్లేదు. ఎండ ఎక్కిపోతోంది, ఇంకో పావుగంట దాటితే కళ్ల కింద నీడలు పడతాయి. నాకు ఒళ్లంతా చీమలు పాకుతున్నట్టుంది. ఓపిక గల మనిషినని నా గురించి ఎవరూ ఎప్పుడూ అనలేదు.

సంచిలోంచి రెండు గుప్పెళ్ల బుడ్డలు తీసి వాళ్ల చేతుల్లో పోశాను. “ఒలుచుకుని తింటూ ఉండండి, నేను లెన్సు మార్చుకోవాలి” అన్నాను. నిజానికి మార్చవలసిన లెన్సేదీ లేదు. ఈ అబద్ధమూ నాది కాదు, ఈ బుడ్డలూ నావి కావు. రెండూ ఎమ్మిగనూరు ఉరుకుందన్న దగ్గర నేర్చుకున్నవే.

ఆయనకు ఎమ్మిగనూరు బస్టాండు పక్క సందులో ఒక స్టూడియో ఉండేది. బోర్డు ఉండేది, కుర్చీ ఉండేది, కుర్చీ వెనక నీలం తెర ఉండేది. మనిషి మాత్రం ఉండేవాడు కాదు. ఎవరైనా పాస్‌పోర్టు ఫోటో కోసం వస్తే ఆయన భార్య నాగమ్మ వదినే తీసి పంపేది. అన్న సన్నటి మనిషి. చొక్కా జేబు ఎప్పుడూ బుడ్డలతో ఉబ్బి, నూనె మరకతో ఉండేది. కూర్చున్న చోట ఆయన కాలు ఊగుతూనే ఉండేది. “ఈయప్ప పుట్టేటప్పుడు కాళ్లే ముందొచ్చినాయంట, అప్పుట్నుంచి నిలిచింది లేదు” అనేది వదిన. అరవైకి దగ్గరపడ్డాక కూడా పాత మోపెడ్ మీద పల్లెలు పట్టుకుని తిరిగేవాడు.

నేను ఆయన దగ్గరికి పోయేనాటికి నాకు ఇరవై మూడేళ్లు. మాది నందవరం దగ్గర పల్లె, అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్లు. నేను ఫ్యాను కింద కూర్చుని పని చేయాలనేది అమ్మ రోజూ చేసుకునే ప్రార్థన. ఆ ప్రార్థన ఫలించి ఆదోనిలో ఒక స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పెళ్లి ఆల్బమ్‌లు తయారు చేయడం, నల్లగా ఉన్నవాళ్లను తెల్లగా చేయడం, అమ్మమ్మల ముడతలు చెరపడం నా పని. ఏడాది తిరిగేసరికి నాకే ఊపిరాడలేదు. దేవుడిచ్చిన ముఖాలను రోజుకు నలభై చొప్పున తుడిచేస్తున్నాననిపించింది. ఒక మధ్యాహ్నం కుర్చీ వెనక్కి నెట్టి బయటికి వచ్చేశాను. అమ్మ నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఉరుకుందన్న నన్ను అడిగింది రెండే ప్రశ్నలు. “పేరేందమ్మా?” అంటే “సువార్త” అన్నాను. “కూసోని పని సేస్తావా, తిరుక్కుంటా సేస్తావా?” అంటే “తిరుగుతా” అన్నాను. “అయితే గట్టి సెప్పులు కొనుక్కో” అన్నాడు. అంతటితో నాకు ఉద్యోగం వచ్చేసింది.

మొదటి వారమే నందవరం పక్కన ఒక రైతు ఇంటికి పోయాం. ఆయన తన పొలంలో తన ఫోటో కావాలని కబురు పెట్టాడు. తీరా చూస్తే కొడుకు పెళ్లికి కుట్టించిన చొక్కా తొడుక్కుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని, కంది సాళ్ల మధ్య పోలీసుల ముందు సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు. చేతులు రెండూ తొడలకు అతుక్కుపోయాయి. నేను నా తెలివి అంతా చూపించాను. అటు తిరగమన్నాను, ఇటు చూడమన్నాను, నవ్వమన్నాను. నవ్వమన్న కొద్దీ ఆయన మూతి బిగుసుకుపోయింది.

అన్న వచ్చి ఆయన చేతిలో బుడ్డలు పోశాడు. “పెద్దాయనా, ఈ బుడ్డలు యాడివో సెప్పు సూద్దాం. మీ సేనువి మాదిరి లేవే” అన్నాడు. రైతు ఒకటి నలిపి, పప్పు నోట్లో వేసుకుని, రెండోది నలిపాడు. “ఇవి మా నేలవి గాదప్పా. ఇసక నేలవి. నూనె తక్కువుంది” అంటూ పొట్టును ఉఫ్ఫుమని ఊదాడు. గుండీ ఎప్పుడు విప్పుకున్నాడో ఆయనకే తెలియదు. ఆ ఊదడంలో బుగ్గలు పొంగి, కళ్లు సగం మూసి, తన నేల గురించి గొప్ప చెప్పుకుంటున్న ముఖం ఒకటి బయటికి వచ్చింది. అన్న ఛాతీ దగ్గరే పట్టుకున్న కెమెరాతో కంటికి ఆనించుకోకుండానే నొక్కేశాడు.

తిరిగి వస్తూ మోపెడ్ మీద వెనక్కి తిరిగి చెప్పాడు. “సేతికి పనియ్యి సువార్తమ్మా. సేతికి పనుంటే మొగం దాని పాటికి అదే వస్తాది. కుర్సీలో కూసోబెట్టి తీస్తే అది కుర్సీ ఫోటో, మనిషిది గాదు.” ముందుకు చూసి నడపమని నేను భయంతో ఆయన చొక్కా పట్టుకుని గుంజాను.

ఇదంతా నాకు నచ్చింది, ఎందుకంటే ఇందులో వేగం ఉంది. నచ్చనిది ఇంకొకటి ఉండేది. ఫోటో తీసిన ప్రతిసారీ ఆయన కెమెరా తిప్పి, వెనక ఉన్న చిన్న తెరను ఆ మనిషికి చూపించి నిలబడేవాడు. ఎప్పుడూ ఊగే కాలు అప్పుడు మాత్రం ఊగేది కాదు. వాళ్లు కళ్లు చికిలించి చూసి, చేత్తో నీడ చేసుకుని మళ్లీ చూసి, తల ఊపేదాకా కదిలేవాడు కాదు. తల ఊపకపోతే వాళ్ల కళ్ల ముందే చెరిపేసేవాడు. అవతల వెలుతురు పోతుంటే ఈ తతంగం నాకు మంటెక్కించేది.

ఒకసారి ఆదోని పత్తి మార్కెట్ బయట ఒక హమాలీని తీశాడు. తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుంటున్నాడు ఆ మనిషి. కనుబొమల మీద, మీసాల మీద పత్తి దూది అంటుకుని ఉంది. అంత మంచి ఫోటో నేను అప్పటివరకూ చూడలేదు. తెర చూపిస్తే ఆయన మొహమాటంగా “సూద్దాంలే అన్నా” అని మూటల వైపు వెళ్లిపోయాడు. అన్న అక్కడికక్కడే చెరిపేశాడు. నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

“వద్దనలేదు కదన్నా” అన్నాను.

“ఔననల్యా గదా. పిల్లనడగనీకి పోతే ‘సూద్దాంలే’ అన్నారంటే పెండ్లయినట్లేనా? పప్పన్నం తినొచ్చినట్లేనా?”

“చాదస్తం” అన్నాను, వినబడేలాగే. ఆయన కోప్పడలేదు, జేబులోంచి నాలుగు బుడ్డలు తీసి నా చేతిలో పెట్టాడు. నేను చాదస్తమన్నది ఏమిటో నాకు తెలియడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

సంక్రాంతి దాటాక మా పడమటి పల్లెలు సుగ్గికి కదులుతాయి. వానలు లేని చేలను వదిలిపెట్టి, ముసలివాళ్లనూ చదువుకునే పిల్లలనూ ఇళ్లలో ఉంచి, మిగిలినవాళ్లంతా గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి మూడు నెలలు పోతారు. ఒక్కో ముఠాకు ఒక మేస్త్రీ, ఒక లారీ. మేస్త్రీ ఎవరిని ఎక్కించుకుంటే వాళ్లకే పని. లారీ పోయే ముందు అన్న ఏటా ఏదో ఒక పల్లెకు పోయి, పోయేవాళ్ల ఫోటోలు తీసి, వెంట తెచ్చిన చిన్న ప్రింటరుతో అక్కడే అచ్చు వేసి, ఉండేవాళ్ల చేతికి ఇచ్చి వచ్చేవాడు. ఆ ఏడు హాలహర్వి దగ్గర పల్లెకు పోయాం.

ఊరంతా మూటలు కడుతోంది. అన్న వీధికి ఆ పక్క, నేను ఈ పక్క. ఒక ఇంటి ముందు ఒక ఆడమనిషి దారికని జొన్నరొట్టెలు కాల్చి చాపమీద ఆరబెడుతోంది. ముప్పై ఏళ్లుంటాయి, బొట్టు లేదు, ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఇంతలో ఒక మేకపిల్ల వచ్చి పెద్ద రొట్టెను ఎత్తుకుని, అది కళ్లకు అడ్డం పడితే దారి కనిపించక, గోడకు పోయి కొట్టుకుంది. ఆమె నవ్వింది. నోరంతా తెరిచి, పిండి చెయ్యి కడుపు మీద పెట్టుకుని, వెనక్కి వాలి నవ్వింది. నేను నొక్కాను.  అన్న కన్నా ముందు, అన్న లేకుండా, బుడ్డలు లేకుండా నేను పట్టుకున్న మొదటి ఫోటో అది. తెర తిప్పి చూపించలేదు. చూపిస్తే వద్దంటుందేమోనని భయం వేసింది. ఆ భయాన్ని తొందర అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

బస్సులో కూర్చున్న వెంటనే ఆ ఫోటోను ఫోన్లోకి ఎక్కించి స్టేటస్ పెట్టాను. సాయంత్రానికి నూరు మంది మెచ్చుకున్నారు, ఆదోని పాత స్టూడియోవాళ్లు కూడా. నేల మీద నడవలేదు నేను.

మర్నాడు మధ్యాహ్నం స్టూడియో ఫోన్ మోగింది. మేమిచ్చిన ఫోటో కవరు మీద నంబరు చూసి చేసిందామె. తిట్టలేదు, అరవలేదు. “రొట్టెలకాడ ఫోటో తీసిన అమ్మి నువ్వేనా?” అంది. ఔనన్నాను. “నా పేరు గౌరమ్మ. మా ఆయన పోయి ఏడు నెలలాయ. మా బావే మేస్త్రీ. ఆయప్ప సెల్లులోకి నా ఫోటో వచ్చిందంట. ‘మొగుడు పోయి ఏడాది తిరగల్యా, పండ్లిగిలిచ్చి ఫోటోలు దిగుతాదా’ అంటాండాడు. రేపు పొద్దున లారీ పోతాది. నన్ను ఎక్కొద్దంటాండారు.” మళ్లీ తనే, “ఆడికి పోకుంటే ఈడ నాకేం పనుందమ్మి?” అంది. ఫోన్ పెట్టేసింది.

జరిగినదంతా అన్నతో చెప్పాను. ఆయన బస్సు ఎన్నింటికో కనుక్కోవడానికి బస్టాండుకు పోయాడు. తెల్లారి మొదటి బస్సుకు ఆదోని, అక్కడి నుంచి ఆలూరు బస్సు, ఆ తర్వాత ఆటో. దారంతా ఆయన సీట్లో కూర్చోలేదు, కడ్డీ పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి మళ్లీ ఎక్కాడు. లారీ వెళ్లిపోయి ఉంటుందేమోనని నా మనసు బస్సు కన్నా ముందు పరిగెత్తుతోంది. నా ఫోన్లో ఫోటో తీసేశాను గానీ తీసేస్తే ఏమవుతుంది, అది అప్పటికే ఊళ్లు తిరుగుతోంది.

లారీ ఉంది. సగం నిండింది. గౌరమ్మ తన మూటతో గోడ పక్కన నిలబడి ఉంది, లోపలికీ పోలేదు, లారీ దగ్గరికీ రాలేదు. ఆమె అత్త అరుగు మీద కూర్చుంది. అన్న నేరుగా మేస్త్రీ దగ్గరికి పోయి నమస్కారం పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, “సెప్పమ్మా” అన్నాడు.

ఊరందరి ముందు చెప్పాను. ఆమెకు తెలియకుండా తీశానని, ఆమెను అడగకుండా నలుగురికీ చూపించానని.  మేస్త్రీ ఓపికగా విన్నాడు. “అదంతా సరే. నగింది నిజమే గదా?” అన్నాడు.

 ఫోటోలో ఉన్నది అదే కదా.

అన్న అన్నాడు: “నగింది నిజమే. దాన్ని దొంగలించింది మేము. దొంగ సొమ్ము బయటపడితే దొంగను పట్టుకుంటారు గాని, పోగొట్టుకున్నామెను కొడతారా అప్పా?”

 అరుగు మీది ముసలమ్మ చెయ్యి చాపింది. “ఏది, నన్నూ సూడనీ.” కెమెరా తెర ఆమె ముందు పెట్టాను. చాలాసేపు చూసింది. పోయినవాడు ఆమె కొడుకు. 

“వాడున్నప్పుడు ఇట్లనే నగుతాండె” అంది మెల్లగా. ఇంకాసేపు చూసి, ముక్కు మీద కళ్లజోడు సర్దుకుని, “ఈ మూల మేకపిల్ల మనదే గదా. తప్పంతా దీనిదే. దీన్ని లారీ ఎక్కనీకండి, ఆయమ్మను ఎక్కించుకోండి” అంది.

లారీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రీ నవ్వలేదు. ఔననీ అనలేదు. గౌరమ్మ దగ్గరికి నడిచి, ఆమె మూట అందుకుని, లారీ పైన ఉన్నవాడికి విసిరాడు. అప్పుడు ఏడ్చింది నేను, ఆమె కాదు.

మూటలన్నీ ఎక్కేదాకా అన్న లారీ చక్రం దగ్గర గొంతుకూర్చుని పిల్లలకు బుడ్డలు పంచుతున్నాడు. నేను గౌరమ్మ దగ్గరికి పోయి తెర తిప్పి పట్టుకున్నాను. “చెరిపేయనా అక్కా?” అన్నాను. చూసింది. తన నవ్వును తాను అట్లా చూడడం ఆమెకు అదే మొదటిసారి అనుకుంటాను. “ఉండనీ. నాకొకటి కాయితం మీద ఇయ్యి, సుగ్గి నుంచి వచ్చినాక తీసుకుంటా. ఇంకెవురికీ సూపొద్దు” అంది. తర్వాత నా చేతిలోంచి కెమెరా లాక్కున్నంత పని చేసింది. “నన్ను సెప్పకుండా తీసినారు గదా. ఇప్పుడు మీ పెద్దాయన్ను నేను తీస్తా.”

ఎక్కడ నొక్కాలో చూపించాను. ఒక పిల్ల అన్న జేబులో తనే చెయ్యి పెట్టింది. ఆయన కితకితలకు మెలికలు తిరుగుతూ తల పైకెత్తి నవ్వాడు. గౌరమ్మ నొక్కింది. ఎప్పుడూ కెమెరా ఇవతల ఉండే మనిషి, పొట్టు అంటిన గడ్డంతో, అదురుతున్న మడమ కొంచెం మసకబారి, నిండుగా దొరికిపోయాడు. గౌరమ్మ తెర తిప్పి ఆయన ముందు పట్టుకుని, ఆయన లాగే కదలకుండా నిలబడింది. అన్న చూశాడు. సిగ్గుపడ్డాడు. “సూద్దాంలే” అని లేచి వెళ్లిపోయాడు.

ఉగాది తర్వాత గౌరమ్మ ఎమ్మిగనూరు వచ్చి తన ఫోటో తీసుకుపోయింది. బయటికి పోతూ సందు మలుపులో ఆగి కవరు తెరిచి చూసుకుని, మళ్లీ మూసి రవికలో దోపుకోవడం నేను చూశాను.

అన్న పోయి రెండేళ్లయింది. మోపెడ్ స్టాండు వేస్తూనే కూలిపోయాడు, అంతే. మూడో రోజున నాగమ్మ వదిన గోడకు పెట్టడానికి ఫోటో వెతికింది. ఊళ్లకు ఊళ్లను తీసిన మనిషికి గుర్తింపు కార్డు కోసం తీయించుకున్న ఫోటో ఒక్కటే ఉంది. “నీ తాన ఏమన్నా ఉందా సువార్తా?” అని అడిగింది. నాకు అబద్ధం చెప్పడం చేతకాలేదు. “ఉంది వదినా. కానీ అన్న ‘సూద్దాంలే’ అన్నాడు” అన్నాను. వదిన నా ముఖంలోకి చూసింది. “ఆ మాట ఎన్నిసార్లు ఇన్నానో. అయితే వద్దులే” అని లోపలికి పోయింది. ఇప్పుడు ఆ గోడ మీద నీలం తెర ముందు, కుర్చీలో బిగుసుకుని, రెండు చెవులూ కనిపించేలా కూర్చున్న ఒకాయన దండ వేసుకుని ఉన్నాడు. ఆ గదిలోకి పోయినప్పుడల్లా నాకు కూర్చోబుద్ధి కాదు. నేను చేసింది మంచో చెడో ఈ రోజుకూ తేలలేదు.

కొండ మీద అమ్మాయి మూడో బుడ్డ నలుపుతుంటే పప్పు ఎగిరి అబ్బాయి చొక్కాలో పడింది. వాడు గంతులు వేశాడు. అమ్మాయి ముక్కుతో గురకలాంటి శబ్దం చేసి నవ్వింది, వంగిపోయి, జడ ముందుకు పడి. నేను కెమెరా కంటికి ఆనించుకోకుండానే నొక్కాను. ఆ ఉదయానికంతా అదొక్కటే ఫోటో, నాకు తెలుసు. తెర తిప్పి ఆమె ముందు పట్టుకుని నిలబడ్డాను. చూసింది, కాస్త వంకరగా ఉన్న తన పన్నును నాలుకతో తడుముకుంది.

“సూద్దాంలే అక్కా” అంది.

చెరిపేశాను. “అయ్యో, బాగుండెనే” అన్నాడు అబ్బాయి. నేను వాళ్లిద్దరికీ ఇంకో గుప్పెడు బుడ్డలు పోశాను. మిగతావి పెట్టడానికి సంచి జేబు తెరిస్తే అక్కడ చిన్న డబ్బాలో పాత మెమరీ కార్డు ఉంది. అందులో ఉన్నది ఒకే ఫోటో, గౌరమ్మ నొక్కినది. ఆయన పెట్టిన నియమం ప్రకారం దాన్ని కూడా ఆ రోజే, ఆయన కళ్ల ముందే చెరిపేసి ఉండాల్సింది. ఇప్పటికి ఎన్నోసార్లు కెమెరాలో పెట్టి, చెరిపే మీట మీద వేలు ఆనించాను. ఒక్కసారీ నొక్కలేకపోయాను.